యంగ్ అడల్ట్స్ కూడికలో సీనియర్ మిషనరీలుగా ఉన్నాం, పిల్లలు తగ్గిపోతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

తార్నాక_రిటైర్డ్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. నా వయసు 63. రైల్వేలో 36 ఏళ్లు చేసి రిటైరయ్యాను, చివర్లో స్టేషన్ సూపరింటెండెంటుగా. నేనూ మా ఆవిడా యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం సభ్యులం, బయట మోర్మన్లు అంటారు. ఈ మధ్య మా ఇద్దరికీ సీనియర్ మిషనరీలుగా పిలుపు వచ్చింది. ఊరు దాటక్కర్లేదు, ఇంట్లో ఉంటూనే సేవ. 18 నుంచి 35 ఏళ్ల మధ్య పెళ్లికాని పిల్లలు వారంలో మూడు సాయంత్రాలు కలుస్తారు. సోమవారం గృహ సాయంకాలం, బుధవారం ఇన్‌స్టిట్యూట్ క్లాసు (లేఖనాల పాఠం), శుక్రవారం భోజనం, ఆటలు. అక్కడ మేముండాలి.

మొదటి శుక్రవారం 22 మంది వచ్చారు. మొన్న శుక్రవారం ఏడుగురు. అందులో ఇద్దరు మా మేనకోడళ్లు, నేనే తీసుకెళ్లాను.

క్లాసు చెప్పేది వేరే తమ్ముడు, బాగా చెబుతాడు. నేను చివర్లో నాలుగు మాటలు మాట్లాడతాను. తలుపు సరిగ్గా ఆరున్నరకు తీస్తాను, ఎనిమిదిన్నరకు వేస్తాను. మా ఆవిడ వండుతుంది, అందరినీ పలకరిస్తుంది. ఇంతకన్నా ఏం చేయాలో తెలియడం లేదు. ఇలాంటి సేవ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పిల్లలు చెప్పినా సరే, ఏమీ అనుకోను.

—

పీజీ_పోరడు | సోమవారం, రాత్రి 9:58

అంకుల్, నాలుగు మాటలు అంటే ఎన్ని నిమిషాలు?

—

తార్నాక_రిటైర్డ్ | సోమవారం, రాత్రి 10:05

ముప్పై, నలభై నిమిషాలు ఉండొచ్చు.

—

పీజీ_పోరడు | సోమవారం, రాత్రి 10:06

🙏

—

మెట్టుగూడ_అక్క | సోమవారం, రాత్రి 10:31

నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). మీ సంఘం సంగతులు నాకు పెద్దగా తెలియవు గానీ, సండే స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లల్ని చూశాను. అన్నయ్య గారూ, తలుపు ఆరున్నరకు తీస్తే ఎలా? అమీర్‌పేట కోచింగ్ నుంచి వచ్చేవాడు ఆరింటికే వచ్చి గేటు బయట నిలబడతాడు. గచ్చిబౌలి నుంచి వచ్చే అమ్మాయికి ఏడున్నర అవుతుంది. ఇది రైలు కాదు కదా, టైముకి కదిలిపోవడానికి.

ఇంకో మాట. ఈ నగరంలోనే గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను ప్రార్థనా మందిరంలో సువార్తికుడు బక్త్ సింగ్ గారి కూటాలకు చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్లేవారు. వేలమందిని చాపల మీద వరుసగా కూర్చోబెట్టి అన్నం పెట్టేవారు. దాన్ని ప్రేమ విందు అనేవారు. పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునే పని లేదు. ఆ ప్రసంగాలు ఒక్కటీ గుర్తులేవు నాకు, సాంబారు మాత్రం గుర్తుంది.

—

గోదావరి_పిన్ని | మంగళవారం, ఉదయం 6:12

మేమిద్దరం ఇంకో రాష్ట్రంలో 18 నెలలు ఇదే సేవ చేసి వచ్చాం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా సంఘంలో మగపిల్లలు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర మిషన్‌కి వెళ్తారు. వాళ్లకి పొద్దున లేచే టైము దగ్గర్నుంచి నియమాలుంటాయి. సీనియర్లకు అంత కట్టుబాటు లేదు. ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర, 23 నెలలు, ఎంతకాలం వెళ్లాలో మనమే ఎంచుకోవచ్చు. ఖర్చు మనదే. ఇంటింటికీ తిరిగి ప్రకటించాలన్న నియమమూ లేదు.

అందుకే వచ్చిన కొత్తలో మనకి పిచ్చెక్కుతుంది. పాఠం వేరేవాళ్లు చెబుతారు. కమిటీ అంతా పిల్లలే, ఆటలు వాళ్లే పెట్టుకుంటారు. మరి నేనెందుకు? మా ఆయన మొదటి రెండు నెలలూ ఇదే బాధ. బ్యాంకులో మేనేజర్‌గా చేసిన మనిషి, సంతకం పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. చివరికి ఆయన చేసిన పెద్ద పని ఏంటో చెప్పనా? క్యారమ్ బోర్డుకి పౌడర్ వేయడం. రోజూ ఒక కుర్రాడు ఓడిపోతూ ఆయనతో ఆడేవాడు. మూడో నెలలో, స్ట్రైకర్ చేతిలో పట్టుకుని, ఆట ఆపకుండానే, తన ఉద్యోగం పోయి ఐదు వారాలైందని చెప్పాడు. ఇంట్లో తెలియదు. రోజూ బ్యాగేసుకుని బయల్దేరి పార్కులో కూర్చుంటున్నాడు.

మా ఆయన నలభై నిమిషాలు మాట్లాడే రకమైతే వాడు చెప్పేవాడా?

—

తార్నాక_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 7:20

పిన్ని గారూ, బాగా తగిలింది. ఈ వారం నుంచి నా నాలుగు మాటలు నాలుగే. తలుపు ఐదున్నరకే తీస్తాను. మా బిషప్ గారికి చెప్పాను. ఆయనే వచ్చి కుర్చీలు వేస్తానన్నారు.

—

మెట్టుగూడ_అక్క | మంగళవారం, ఉదయం 7:45

బిషప్ గారు కుర్చీలు వేస్తారా?! మా బిషప్ గారంటే మెదక్ డయాసిస్ మొత్తానికీ ఒక్కరే. ఆయన వస్తున్నారంటే మేము పదిరోజుల ముందు నుంచి గోడలకు సున్నం వేయిస్తాం.

—

తార్నాక_రిటైర్డ్ | మంగళవారం, ఉదయం 8:02

మా దగ్గర బిషప్ అంటే ఒక వార్డుకి, అంటే ఒక స్థానిక సంఘానికి పెద్ద. జీతం ఉండదు. వారమంతా తన ఉద్యోగం తను చేసుకుంటాడు. కొన్ని వార్డులు కలిస్తే స్టేకు. మన దేశంలో మా సంఘానికి మొదటి స్టేకు ఏర్పడింది హైదరాబాద్‌లోనే, 2012 మే 27న. ఆ రోజు నేను డ్యూటీ మార్చుకుని మరీ వెళ్లాను.

పేర్ల గొడవ ఇంకోటి ఉంది. మిషన్‌లో ఉన్న 18 ఏళ్ల కుర్రాడూ ఎల్డరే, 63 ఏళ్ల నేనూ ఎల్డరే. మీ సంఘాల్లో ఎల్డర్ అంటే తల నెరిసిన సంఘపెద్ద కదా. ఎవరైనా ‘ఎల్డర్’ అని పిలిస్తే నేనూ ఆ కుర్రాడూ ఇద్దరం తిరిగి చూస్తాం.

—

పీజీ_పోరడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అంకుల్, నేను మీ సంఘం కాదు. మా రూమ్మేట్ మీ కూడికకి వస్తడు, నేను రెండుసార్లు వాడితో వచ్చిన. టేబుల్ టెన్నిస్ బాగుంది. చాయ్ లేకపోవుడే పెద్ద దెబ్బ. హైదరాబాద్‌లో శుక్రవారం సాయంత్రం, బయట వాన, లోపల చాయ్ లేదు. ఆంటీ రాగి జావ ఇచ్చిన్రు. నేను తాగిన. మా రూమ్మేట్ మొక్కకి పోసిండు.

—

తార్నాక_రిటైర్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ఆ మొక్క బాగా పెరిగింది బాబూ, ఇప్పుడు అర్థమైంది.

చాయ్, కాఫీ మా సంఘంలో తాగం. 1833లో వచ్చిన జ్ఞాన వాక్యం అనే ప్రకటనను బట్టి పాటిస్తాం. మద్యం, పొగాకు కూడా అంతే. నేను రైల్వేలో ఉండి చాయ్ మానేశానంటే నా తోటివాళ్లు ఇప్పటికీ నమ్మరు. నైట్ డ్యూటీలో మట్టికప్పు వాసన వస్తే ఇప్పటికీ తల అటు తిరుగుతుంది. వచ్చే శుక్రవారం బాదం పాలు పెట్టిస్తాను. ఉస్మానియా బిస్కెట్లకు ఏ అభ్యంతరమూ లేదు.

—

సందేహం_సార్ | మంగళవారం, సాయంత్రం 4:10

అన్నం పెట్టి, ఆటలు పెట్టి, పిల్లల్ని మతంలోకి లాగడమేగా ఇదంతా. నలుపో తెలుపో చెప్పండి.

—

గోదావరి_పిన్ని | మంగళవారం, సాయంత్రం 5:02

బాబూ, అడగాల్సిన ప్రశ్నే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మా సంఘం పిల్లలే. కాకినాడ, రాజమండ్రి, విశాఖల నుంచి చదువుకో, ఉద్యోగానికో నగరానికి వచ్చి ఒంటరిగా ఉన్నవాళ్లు. స్నేహితులూ వస్తారు, తింటారు, ఆడతారు, వెళ్తారు. ప్లేటు ఇచ్చే ముందు మతం అడిగితే అది విందు ఎలా అవుతుంది, వ్యాపారం అవుతుంది. మా దగ్గర అలా చేసిన ఒక పెద్దాయనకు పక్కకి పిలిచి నేనే చెప్పాను.

—

మోడరేటర్ | మంగళవారం, సాయంత్రం 5:30

మతమార్పిడి చర్చకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ అసలు విషయం మీద మాట్లాడండి.

—

నైట్‌షిఫ్ట్_నర్సు | మంగళవారం, రాత్రి 11:48

ఇప్పుడే బ్రేక్ దొరికింది. నేను ఇలాంటి కూడికకే వెళ్తాను (ఏ సంఘమో చెప్పను). ఒక అమ్మాయిగా కొన్ని చెప్పాలి.

ఎనిమిదిన్నరకు తలుపు వేసేసి మీరు వెళ్లిపోతే, మేము రోడ్డు మీద ఆటో కోసం నిలబడతాం. చివరి అమ్మాయి ఎక్కేదాకా ఎవరో ఒక పెద్దమనిషి గేటు దగ్గర ఉంటే చాలు. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఒకే దారిలో వెళ్లేవాళ్లను కలిపి మెట్రో స్టేషన్ దాకా పంపండి. నాగోలు–రాయదుర్గం లైను పట్టుకుంటే తార్నాక, అమీర్‌పేట, మాదాపూర్ అన్నీ ఒకే వరుస. ఇంటికి చేరాక ఒక మెసేజ్ పెట్టమనండి.

వంటగదిలోకి మమ్మల్ని రానివ్వండి. మా దగ్గర ఒక ఆంటీ ఉన్నారు. నేను డ్యూటీ నుంచి వస్తే ‘ఎలా ఉన్నావ్, ఎందుకలా ఉన్నావ్’ అని అడగరు. గంపెడు వెల్లుల్లి ముందు పెడతారు. ఇద్దరం ఒలుస్తాం. గోళ్లలో పొట్టు ఇరుక్కుంటుంది, చేతులు మండుతాయి. కళ్లలోకి చూడక్కర్లేదు కాబట్టి నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఒకసారి వార్డులో మా పేషెంట్, మా తమ్ముడి వయసు పిల్లాడు, పోయిన రోజు వెళ్లాను. నేను ఏడ్చాను. ఆవిడ ఒక్క వచనం కూడా చెప్పలేదు. ఇంకో వెల్లుల్లి పాయ చేతిలో పెట్టారు.

ఒక్క హెచ్చరిక. ఎవరైనా చచ్చిపోవాలనిపిస్తోంది అన్నట్టు మాట్లాడితే ప్రార్థనతో సరిపెట్టకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. పక్కన కూర్చుని ఫోన్ కలిపివ్వండి. ఆ రాత్రి ఒంటరిగా పంపకండి.

—

తార్నాక_రిటైర్డ్ | బుధవారం, ఉదయం 6:50

అమ్మా, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ నంబరు వంటగది గోడ మీద అంటించింది.

ఒక సంగతి మాత్రం అర్థం కావడం లేదు. నా ఉపన్యాసాల వల్ల విసిగి మానేసినవాళ్లు సరే. కానీ ఒక అబ్బాయి ఉన్నాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. గిటార్ వాయిస్తాడు. నేను మాట్లాడుతుంటే నవ్వుతూ వినేవాడు కూడా. మూడో వారం నుంచి రావడం లేదు. ఫోన్ చేస్తే ‘ప్రాజెక్ట్ ఉంది అంకుల్’ అంటాడు. మా ఆవిడకు వాడంటే ప్రాణం. మొదటి రోజే కూర్చోబెట్టి ఊరేది, ఇంటిపేరేంటి, నాన్నగారు ఏం చేస్తారు అని అన్నీ అడిగింది, కొసరి కొసరి వడ్డించింది. అంత ఆప్యాయంగా చూసినా ఎందుకు మానేశాడో.

—

పీజీ_పోరడు | బుధవారం, ఉదయం 9:20

అంకుల్, మీరు ఏమీ అనుకోను అన్నరు కాబట్టి రాస్తున్న. ఇంటిపేరు ఎందుకు అడిగిన్రు?

—

తార్నాక_రిటైర్డ్ | బుధవారం, ఉదయం 9:31

మాట కలపడానికి బాబూ. మామూలుగా అందరం అడిగేదే కదా.

—

పీజీ_పోరడు | బుధవారం, ఉదయం 9:55

అందరూ అడుగుతరు. అదే సమస్య. ఊరు, ఇంటిపేరు, నాన్న పని. ఈ మూడూ చెప్తే నా కులం ఏందో ఎదుటోనికి అర్ధమైపోతది. అర్ధమైనంక మొహంలో ఒక చిన్న మార్పొస్తది. ఆంటీకి వచ్చిందని అంటలేను. కానీ రాకపోయినా మేము దాని కోసం చూస్తం, చిన్నప్పటి నుంచి అలవాటు. రూమ్ కిరాయికి పోయినప్పుడు అడుగుతరు, ఆఫీసులో లంచ్ డబ్బా తెరిచినప్పుడు అడుగుతరు. చర్చిలో కూడా అడిగితే ఇంక యాడికి పోవాలె?

ఆ అబ్బాయి సంగతి నాకు తెల్వదు. అది కారణం కాకపోవచ్చు. నేనైతే మాత్రం ప్రాజెక్ట్ ఉంది అనే చెప్పేటోన్ని.

—

మెట్టుగూడ_అక్క | బుధవారం, ఉదయం 10:40

ఇది కొంచెం ఎక్కువ అనిపిస్తోంది నాయనా. ఊరూ పేరూ అడక్కపోతే మేమేం పెద్దవాళ్లం? మా కాలంలో ఇంటిపేరు అడిగితే ఎక్కడో చుట్టరికం కలిసేది. ఆప్యాయతకి కూడా తప్పు పడితే ఇక నోరు మూసుకుని కూర్చోవాలి.

—

పీజీ_పోరడు | బుధవారం, ఉదయం 10:44

చుట్టరికం కలవకపోతే అక్కా?

—

ఫైళ్ల_మనిషి | బుధవారం, మధ్యాహ్నం 12:30

రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. భావాల సంగతి మీరు చూసుకోండి, నేను కాగితం సంగతి చెబుతాను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలో (వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపులో) వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. కాబట్టి చాలా ఇళ్లల్లో సర్టిఫికెట్‌లో ఉన్నది ఒకటి, ఆదివారం జరిగేది ఒకటి. అది సరైనదా కాదా అని నేను తీర్పు చెప్పడం లేదు, ఇరవై ఏళ్లు ఆ ఫైళ్లే చూశాను.

అందుకని మీ కూడికల ఫొటోలు అడగకుండా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. హాజరు పట్టీ అందరి చేతుల్లో తిప్పకండి. మీకు అదొక గ్రూప్ ఫొటో. ఆ పిల్లాడికి అది ఉద్యోగం కావచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు.

—

గోదావరి_పిన్ని | బుధవారం, మధ్యాహ్నం 2:15

ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. సిగ్గుగా ఉంది. మిషన్‌లో మా బ్యాడ్జీ మీద రాసేదే ఇంటిపేరు. ఎల్డర్ ఫలానా, సిస్టర్ ఫలానా. ఆ పద్ధతి అమెరికా నుంచి వచ్చింది, అక్కడ ఇంటిపేరు వింటే కులం తెలియదు కదా. ఇక్కడ మా ఇంటిపేరు వినగానే కొందరు లేచి నిలబడేవారు. గౌరవం అనుకున్నాను.

—

తార్నాక_రిటైర్డ్ | గురువారం, ఉదయం 5:15

రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ మొదట కోపగించుకుంది, ‘నేను కులం చూసే మనిషినా’ అని. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పదకొండు గంటలకు లైటార్పాక చెప్పింది. ఆ అబ్బాయి ఇంటిపేరు చెప్పగానే, ‘ఓ, అలాగా’ అందట. అంతే. ఆ ‘అలాగా’ ఎందుకన్నానో నాకే తెలియదు, కానీ అన్నాను అంది.

బ్యాడ్జీ మా నియమం, తీసేయలేను. పిల్లల్ని అంకుల్ అనే పిలవమన్నాను.

—

మెట్టుగూడ_అక్క | గురువారం, ఉదయం 8:30

మా సండే స్కూలు రిజిస్టరు తీసి చూశాను. పేరు, ఇంటిపేరు, తండ్రి వృత్తి. ముప్పై ఏళ్లుగా ఆ గళ్లు నేనే స్కేలు పెట్టి గీస్తున్నాను.

—

నైట్‌షిఫ్ట్_నర్సు | గురువారం, ఉదయం 9:10

ఇంటిపేరు బదులు ఏం అడగాలో కూడా చెబుతాను, లేకపోతే అంకుల్ వాళ్లు మౌనవ్రతం పట్టేలా ఉన్నారు. ‘తిన్నావా?’ ‘మీ హాస్టల్లో నీళ్లు వస్తున్నాయా?’ ‘ఈ డబ్బా మూత రావడం లేదు, తీసిపెడతావా?’ ఇంక ‘పెళ్లెప్పుడు’ అనే ప్రశ్న పొరపాటున కూడా వద్దు. అది మా ఇళ్లల్లో రోజూ మూడు పూటలా వడ్డిస్తున్నారు.

—

తార్నాక_రిటైర్డ్ | రెండు వారాల తర్వాత, శనివారం, ఉదయం 7:05

ఏం జరిగిందో చెబుదామని వచ్చాను.

ఐదున్నరకే తలుపు తీస్తున్నాం. మొదటి రోజు ఐదు నలభైకి ఒక అబ్బాయి వచ్చి సోఫాలో పడి నిద్రపోయాడు, క్లాసు అయ్యాక లేచాడు, తిని వెళ్లాడు. నేను లేపబోతే మా ఆవిడ కళ్లతోనే వద్దంది. నా నాలుగు మాటలు ఇప్పుడు భోజనానికి ముందు ప్రార్థన, అంతే. ఒకసారి మాత్రం అలవాటుగా సిగ్నల్ ఫెయిలైన కథ మొదలెట్టాను. ఒక అమ్మాయి వచ్చి వెల్లుల్లి గిన్నె నా ముందు పెట్టింది. ఆ అమ్మాయి ఈ పోస్టులు చదువుతోందేమో అని నాకు అనుమానం.

రాత్రి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటున్నాను. ఇదొక్కటే నాకు చేతనైన పని అనిపిస్తోంది. ప్లాట్‌ఫామ్ మీద ఆఖరి ప్రయాణికుడు ఎక్కేదాకా నిలబడటం నాకు ముప్పై ఆరేళ్ల అలవాటు. చివరిగా వెళ్లేవాళ్లు ఒక నిమిషం ఆగుతారు. ఆ ఒక నిమిషంలో విన్నన్ని సంగతులు నలభై నిమిషాలు మాట్లాడిన రోజుల్లో నేను వినలేదు.

బాదం పాలు హిట్. ఎవరో స్నేహితుడిగా వచ్చిన కుర్రాడు మధ్యలో లేచి వీధి చివర ఇరానీ హోటల్‌కి వెళ్లి చాయ్ తాగి తిరిగొచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. దగ్గరికొచ్చి కూర్చుంటే వాసన వచ్చింది. అబ్బా.

గిటార్ అబ్బాయి రాలేదు. మా ఆవిడ ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టింది. ఆమె చేత్తో టైపు చేసింది, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను: ‘బాబూ ఆ రోజు ఇంటిపేరు అడిగాను. అడగకుండా ఉండాల్సింది. క్షమించు. నువ్వు రావాలని రాయడం లేదు.’ రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒక బొటనవేలు గుర్తు వచ్చింది. దానర్థం ఏంటని మా ఆవిడ మేనకోడళ్లను అడిగితే ఒకతె మంచిదే అంది, ఇంకొకతె చెప్పలేం అంది.

నిన్న పదహారు మంది. ఉన్న గిన్నె చాలక పులిహోర రెండు విడతలుగా కలిపాం. ఎవరి దగ్గరైనా పెద్ద బేసిన్ ఉంటే వచ్చే శుక్రవారానికి ఇవ్వగలరా? తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ ఎక్కడైనా సరే, వచ్చి తీసుకుంటాను.

—

మెట్టుగూడ_అక్క | శనివారం, ఉదయం 7:30

మా సండే స్కూలుది ఉంది, స్టీలుది, క్రిస్మస్‌కి వాడేది. దానికి ఒక చెవి ఊడిపోయింది, జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక రండి.

—

పీజీ_పోరడు | శనివారం, ఉదయం 11:02

ఇద్దరం వస్తం అంకుల్, నేను ఒక పక్క పట్టుకుంట. పులిహోరలో పల్లీలు జర ఎక్కువ వెయ్యమని చెప్పున్రి.